ఉప్పు నేలలో, విషలోహాల నేలలో మొక్క ఎలా బతుకుతుంది, మనం ఏం చేయాలి

నేల చెడిపోయిందని తెలియగానే చాలామంది చేసే మొదటి పని, దాన్ని తట్టుకునే రకం ఏదైనా దొరుకుతుందా అని వెతకడం. వెతకండి, తప్పు లేదు, కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ నేలలో ఉన్నది ఉప్పా, లోహమా? రెంటినీ ఒకే గాటన కట్టేస్తే మొదటికే మోసం వస్తుంది. ఉప్పు నీళ్లతో పాటు కిందికి దిగుతుంది, నీళ్లతో పాటే పైకి వస్తుంది, కాబట్టి దారి చూపిస్తే కడిగి పంపించేయొచ్చు. కాడ్మియం, సీసం లాంటివి నీళ్లు పెడితే పోవు, కుళ్లిపోవు, ఎన్నేళ్లు బీడు పెట్టినా దాదాపు అక్కడే ఉంటాయి. ఇంకో తేడా దీనికంటే ముఖ్యం. ఉప్పు వల్ల దిగుబడి పడిపోతుంది గానీ ఆ గింజ తింటే మనకేమీ కాదు. లోహాల నేలలో మాత్రం పంట కళకళలాడుతూ ఉండి కూడా తినేవాళ్లకి హాని చేయగలదు. జపాన్‌లో జింజు నది పరివాహకంలో జరిగింది ఇదే: ఎగువన ఉన్న గని నుంచి కాడ్మియం నదిలో కలిసింది, ఆ నీళ్లతో వరి పండింది, ఆ బియ్యం ఏళ్ల తరబడి తిన్నవాళ్లకి మూత్రపిండాలు దెబ్బతిని ఎముకలు పెళుసుబారి విరిగాయి. ఇతాయ్-ఇతాయ్ అనే ఆ జబ్బుని కాలుష్యం వల్ల వచ్చిందని అక్కడి ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్నది 1968లో.

అందుకే "తట్టుకుంటుంది" అనే మాట విన్నప్పుడల్లా, ఎలా తట్టుకుంటుంది అని అడగండి. వేరు దగ్గరే ఆపేస్తోందా, లోపలికి తీసుకుని ఆకుల్లో దాచుకుంటోందా? మనం చేయాల్సిన పని మొత్తం ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు మట్టి సంగతి తేల్చుకోండి

ఉప్పు ఎక్కువైతే మట్టి తడిగా ఉన్నా మధ్యాహ్నానికి మొక్క వాడిపోతుంది, ముదురు ఆకుల చివర్లు, అంచులు మాడతాయి, నేల ఆరాక పైన తెల్లటి పొర కడుతుంది. జింక్, రాగి, నికెల్ ఎక్కువైతే లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరుగుతుంది, అచ్చం ఇనుము లోపం లాగే, అందుకే చాలామంది ఇనుము కొట్టి ఊరుకుంటారు. సీసం ఉన్న నేలలో చాలాసార్లు ఏ లక్షణమూ కనపడదు. కాబట్టి ఆకుని చూసి అనుమానపడొచ్చు గానీ నిర్ణయం తీసుకోకూడదు.

ఉప్పు సంగతి ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆరబెట్టి పొడి చేసిన మట్టి ఒక పాలు, డిస్టిల్డ్ వాటర్ ఐదు పాళ్లు (తూకం ప్రకారం) సీసాలో పోసి బాగా కుదిపి, మట్టి కిందికి దిగాక పైన తేరిన నీళ్లలో ఈసీ మీటర్ (విద్యుత్ ఎంత బాగా పారుతుందో చూసి ఉప్పు లెక్క చెప్పేది) పెట్టండి. ఆ రీడింగ్‌ని నేరుగా పట్టికలతో పోల్చకండి. పుస్తకాల్లో ఉండే అంకెలు నీళ్లతో ముద్దలా నానబెట్టిన మట్టి నుంచి తీసిన ద్రావణానికి సంబంధించినవి, మీరు కొలిచింది బాగా పలచబడిన నీళ్లు. ఇసుక నేలైతే మీ అంకెని సుమారు 14తో, గరప నేలైతే 9 లేదా 10తో, బంకమట్టి అయితే 6 లేదా 7తో హెచ్చించండి. వచ్చినది మీటరుకు 4 డెసిసీమెన్లు దాటితే అది ఉప్పు నేల, అంటే పాలచౌడు. గరప నేలలో రీడింగ్ 0.5 వచ్చిందంటే అసలు లెక్క 5 దాకా ఉందన్నమాట.

కారుచౌడు వేరే సంగతి. అక్కడ మొత్తం ఉప్పు తక్కువే ఉండొచ్చు కానీ మట్టి రేణువులకి సోడియం పట్టుకుని ఉంటుంది, పీహెచ్ (నేల పులుపునీ క్షారాన్నీ చెప్పే అంకె) 8.5 దాటుతుంది, నీళ్లు ఇంకవు. దీనికి నాకు చాలా ఇష్టమైన పరీక్ష ఒకటుంది, ఖర్చేమీ లేనిది. శనగగింజంత ఎండు మట్టిపెళ్లని గాజు గ్లాసులో పోసిన డిస్టిల్డ్ వాటర్‌లో మెల్లగా వదిలి, కదపకుండా కొన్ని గంటలు ఉంచండి. పెళ్ల విరిగి చిన్న ముక్కలైనా చుట్టూ నీళ్లు తేటగానే ఉంటే ఫర్వాలేదు. దాని చుట్టూ పాలు కలిపినట్టు తెల్లటి మసక పాకిందంటే బంకరేణువులు ఒకదాన్నొకటి వదిలేసి నీళ్లలో తేలుతున్నాయని అర్థం, అదే సోడియం చేసే పని. ఆ మసకే పొలంలో మట్టి కన్నాలన్నీ పూడ్చేస్తుంది.

లోహాలకి మాత్రం ల్యాబ్ తప్పదు. పొలంలో అడ్డదిడ్డంగా పది పదిహేను చోట్ల పై 15 సెంటీమీటర్ల మట్టి తీసి కలపండి. జింక్ పూత ఉన్న బకెట్ వాడితే ఆ జింక్ కాస్తా మీ రిపోర్టులో తేలుతుంది, అందుకే ప్లాస్టిక్ బకెట్, స్టెయిన్‌లెస్ స్టీల్ పనిముట్లు వాడండి. పీహెచ్ కూడా అడగండి, ఎందుకంటే అది తెలియకుండా మొత్తం లోహం ఎంతో తెలిసి పెద్దగా లాభం లేదు. విత్తనం వేసి మొలిచిందా లేదా అని చూసే పరీక్ష ఉప్పుకి పనికొస్తుంది, కాడ్మియానికి, సీసానికి పనికిరాదు. బాగానే మొలుస్తుంది, అదే కదా అసలు ప్రమాదం.

ఉప్పుతో మొక్క ఎలా నెగ్గుకొస్తుంది

ఉప్పు దెబ్బ రెండు విడతల్లో పడుతుంది. మొదటిది వెంటనే: బయట నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి వేరు నీళ్లు లాగలేదు, మొక్కకి కరువు వచ్చినట్టే ఉంటుంది, కొత్త ఆకులు చిన్నవైపోతాయి. రెండోది రోజులు, వారాల తర్వాత: సోడియం, క్లోరైడ్ ముదురు ఆకుల్లో పేరుకుని వాటిని మాడ్చేస్తాయి. కణం లోపల సోడియం చేసే అసలు నష్టం, పొటాషియం స్థానాన్ని ఆక్రమించడం. రెండూ చూడ్డానికి ఒకలాంటి అయాన్లే, కానీ యాభైకి పైగా ఎంజైములు పొటాషియం ఉంటేనే పనిచేస్తాయి, సోడియంతో నడవవు.

దీనికి మొక్క వేసే ఎత్తులు చాలానే ఉన్నాయి. సోడియం లోపలికి రాగానే కణంలో కాల్షియం ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ కబురుతో ఎస్‌ఓఎస్3, ఎస్‌ఓఎస్2 అనే ప్రొటీన్లు కలిసి కణం పొరలో ఉన్న ఎస్‌ఓఎస్1 అనే పంపుని పనిలో పెడతాయి, అది సోడియాన్ని బయటికి నెడుతుంది. బయటికి పోనిదాన్ని ఎన్‌హెచ్‌ఎక్స్ అనే ఇంకో పంపు కణం మధ్యలో నీటి సంచిలా ఉండే రిక్తికలోకి తోసి బంధిస్తుంది. వేరు నుంచి కాండానికి ఎక్కే నీటిలోంచి సోడియాన్ని మధ్యదారిలోనే వెనక్కి లాగేది హెచ్‌కేటీ అనే ప్రొటీన్ల కుటుంబం. ఉప్పుని తట్టుకునే నోనా బొక్రా అనే వరి రకంలో అసలు కీలకం ఈ హెచ్‌కేటీ జన్యువేనని 2005లో తేలింది, దురుం గోధుమలోకి అలాంటి జన్యువునే సంప్రదాయ సంకరణంతో తెస్తే ఉప్పు పొలంలో దిగుబడి 25 శాతం దాకా పెరిగిందని 2012లో ప్రచురించారు. ఇక నీళ్లు లాక్కోవడానికి ప్రోలిన్, గ్లైసిన్ బీటైన్ లాంటివి కణంలో పోగేసుకుంటుంది, వీటివల్ల ఎంజైములకి హాని ఉండదు.

ఉప్పులోనే పుట్టి పెరిగే మొక్కల లెక్క వేరు. మడ అడవుల్లో పెరిగే అవిసీనియా వేరు దగ్గరే ఉప్పులో నూటికి తొంభై పాళ్లు ఆపేస్తుంది, మిగిలింది ఆకు మీదున్న గ్రంథుల్లోంచి బయటికి పంపుతుంది, ఎండ బాగా ఉన్నప్పుడు ఆకు మీద వేలితో రాస్తే గరుగ్గా ఉప్పు పలుకులు తగులుతాయి. క్వినోవా ఆకుల మీద తెల్లటి పొడి చల్లినట్టు కనిపించేవి నిజానికి బుడగల్లాంటి కణాలు, ఉప్పుని దాచుకునేది వీటిలోనేనని చాలాకాలం అనుకున్నారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, పైన చెప్పిన ప్రతి ఎత్తుకీ పొలంలో మనం చేయగల సాయం ఒకటుంది. కాల్షియం చాలినంత ఉంటే సోడియం లోపలికి చొరబడటం తగ్గుతుంది. పొటాషియం లోటు రానివ్వకూడదు, కానీ ఉప్పు నేలలో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేస్తే దానితో పాటు క్లోరైడ్ కూడా వేసినట్టే, అందుకని సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మంచిది. పంపులన్నీ శక్తి ఖర్చుపెట్టి నడిచేవే, వేరుకి గాలి అందకపోతే శక్తి ఉండదు, కాబట్టి ఉప్పు నేలలో నీళ్లు నిలిచిపోతే మామూలు పంటలకి దెబ్బ రెట్టింపవుతుంది.

ఉప్పు నేలలో చేయాల్సినవి

అన్నిటికంటే ముందు మురుగు కాలువ. నీళ్లు బయటికి పోయే దారి లేకుండా ఎన్ని నీళ్లు పెట్టినా నీటిమట్టం పైకి వచ్చి, ఎండకి ఆవిరై, ఉప్పుని తెచ్చి మళ్లీ నేల మీదే పరుస్తుంది. భూగర్భ నీటిమట్టం మీటరు, మీటరున్నర లోతులోనే ఉంటే ఇంకే పనికీ డబ్బు పెట్టకండి, ముందు ఇది సరిచేయండి. దారి ఉంటే అప్పుడు కడగండి: పై 30 సెంటీమీటర్ల మట్టిలోంచి 15 సెంటీమీటర్ల నీరు దిగితే సుమారు సగం ఉప్పు పోతుంది, 30 సెంటీమీటర్లు దిగితే 80 శాతం, 60 అయితే 90 శాతం. ఒకేసారి నిలబెట్టడం కంటే పెట్టి, ఇంకనిచ్చి, మళ్లీ పెడితే తక్కువ నీళ్లతో అవుతుంది.

కారుచౌడులో ఇదే పని నేరుగా చేస్తే నేల ఇంకా పాడవుతుంది. మంచినీళ్లు తగలగానే బంకరేణువులు విడిపోయి కన్నాలు పూడుకుంటాయి. అక్కడ ముందు జిప్సం వేసి పైపైన కలియదున్ని, ఆ తర్వాత నీళ్లు నిలబెట్టాలి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని రేణువుల మీద నుంచి తప్పిస్తుంది, నీళ్లు దాన్ని తీసుకుపోతాయి. ఎంత వేయాలో మట్టి పరీక్షలో జిప్సం అవసరం అని విడిగా ఇస్తారు, అంచనాతో వేయకండి. ఆ వెంటనే జీలుగ వేసి పూతకి రాకముందే కలియదున్నితే మంచి ఫలితం ఉంటుంది, వేర్లు నేలని గుల్ల చేస్తాయి, కుళ్లేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ మట్టిలోని సున్నాన్ని కరిగిస్తుంది. పాలచౌడుకి మాత్రం జిప్సం అక్కర్లేదు. అక్కడ వేసినవాళ్లు ఉప్పు నేలకి ఇంకో ఉప్పు కలిపినట్టే.

పంట ఎంచుకోవడానికి అంకెలు చూడండి. ఈసీ ఎంత దాకా దిగుబడి తగ్గదు అన్నదానికి ప్రపంచమంతా వాడే పట్టికలో బార్లీకి 8, పత్తికి 7.7, గోధుమకి 6, వరికి 3, టమాటాకి 2.5, మొక్కజొన్నకి 1.7, ఉల్లికి 1.2, ఫ్రెంచ్ బీన్స్‌కి 1. ఆ గీత దాటాక ఒక్కో యూనిట్‌కి బార్లీ 5 శాతం నష్టపోతే వరి 12, బీన్స్ 19 శాతం నష్టపోతాయి. అంటే ఈసీ 6 ఉన్న నేలలో బార్లీకి ఏమీ కాదు, వరి మూడో వంతు పైనే పోతుంది, బీన్స్ దాదాపు మొత్తం పోతుంది. ఈ అంకెలు ఎదిగిన మొక్కకి సంబంధించినవి. నారు దశలో వరి చాలా సున్నితం, పిలకలు వేసేటప్పుడు గట్టిపడుతుంది, మళ్లీ పూత దశలో సున్నితమవుతుంది. అందుకే చౌడులో కాస్త ముదురు నారు, కుదురుకి ఒకటి రెండు మొక్కలు ఎక్కువ పెట్టి నాటడం మంచిది, మంచినీళ్లు తక్కువే ఉంటే వాటిని నారుకీ పూతకీ దాచుకోండి.

బోదెలు కట్టి సాళ్లలో నీళ్లు పెడితే ఉప్పంతా బోదె నెత్తి మీదకి చేరుతుంది, కాబట్టి విత్తనం నెత్తిన పెట్టకండి, పక్క వాలులో పెట్టండి. డ్రిప్ కింద తడి ఎంత దూరం పాకితే దాని అంచున ఉప్పు వలయంలా కడుతుంది. ఇక్కడ చాలామందికి తట్టని విషయం, చిన్న జల్లు పడినప్పుడు డ్రిప్ ఆపకూడదు. ఆపితే ఆ జల్లు వలయంలోని ఉప్పుని కరిగించి నేరుగా వేరు దగ్గరికి తెస్తుంది, నడుస్తూ ఉంటే బయటికే నెడుతుంది. మొదళ్ల చుట్టూ మల్చింగ్ చేస్తే ఆవిరి తగ్గి, ఉప్పు పైకెక్కడమూ తగ్గుతుంది.

పుల్ల నేలల్లో అల్యూమినియం

లోహం అనగానే ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి గానీ, ప్రపంచంలో ఎక్కువ పొలాల్ని దెబ్బతీసే లోహం నేలలో సహజంగా ఉండే అల్యూమినియమే. పీహెచ్ 5.5 కిందికి, ముఖ్యంగా 5 కిందికి దిగితే అది కరిగి వేరు కొనని పట్టేస్తుంది. అనుమానం ఉంటే ఒక మొక్కని మట్టితో సహా తవ్వి తీసి వేర్లు కడిగి చూడండి: కొనలు మొద్దుబారి, గోధుమరంగులో, లావుగా ఉండి, సన్నటి పిల్లవేర్లు లేకపోతే అదే. తట్టుకునే గోధుమ వేరు కొన నుంచి మాలిక్ ఆమ్లం వదులుతుంది, జొన్న సిట్రిక్ ఆమ్లం వదులుతుంది, ఇవి అల్యూమినియాన్ని వేరు బయటే పట్టి కట్టేస్తాయి. గోధుమలో ఆ జన్యువుని 2004లో, జొన్నలో 2007లో కనుక్కున్నారు. ఇలా బయటే ఆపే రకాలని నిశ్చింతగా వేసుకోవచ్చు. దాంతో పాటు సున్నం వేయండి, అయితే సున్నం కలిసిన లోతు వరకే పనిచేస్తుంది, పైన చల్లి వదిలేస్తే కిందికి దిగడానికి ఏళ్లు పడుతుంది.

కాడ్మియం, సీసం, ఆర్సెనిక్

ఇక్కడ మొక్క ఎత్తు వేరే. కాడ్మియం లోపలికి రాగానే గ్లూటాథయోన్ అనే చిన్న అణువుల ముక్కల్ని గొలుసుగా కలిపి ఫైటోకెలాటిన్లు తయారుచేస్తుంది, వీటిని 1985లో గుర్తించారు. అవి లోహాన్ని పట్టుకుంటాయి, ఆ జంటని రిక్తికలోకి పంపేస్తుంది. వేరులోని రిక్తికలో బంధిస్తే మనకి మేలు, ఆకులో బంధిస్తే మనం తినేది అదే. వరిలో కాడ్మియాన్ని వేరులోనే బంధించేది హెచ్‌ఎంఏ3 అనే జన్యువు, అది పాడైన రకాల్లో గింజకి కాడ్మియం ఎక్కువగా చేరుతుంది.

పొలంలో చేయగలిగిన వాటిలో కాడ్మియం, జింక్, నికెల్, సీసాలకి పీహెచ్‌ని 6.5 నుంచి 7 మధ్యకి తేవడం మొదటిది. జింక్ లోటు ఉంటే తీర్చండి, జింక్ చాలకపోతే మొక్క కాడ్మియాన్ని ఇంకా ఎక్కువ లాగుతుంది. కంపోస్ట్ వేయండి, కానీ అది ఎక్కడిదో తెలుసుకుని వేయండి. ఫాస్ఫేట్ ఎరువుల్లో కూడా రాతి భాస్వరం నుంచి వచ్చే కాడ్మియం కొంత ఉంటుంది, అందుకే యూరోపియన్ యూనియన్ 2022 నుంచి కిలో పీ2ఓ5కి (ఎరువులో భాస్వరాన్ని లెక్కగట్టే రూపం) 60 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఆర్సెనిక్ ఉన్న నేలకి ఈ సలహాలు గుడ్డిగా వర్తింపజేయకండి. పీహెచ్ పెరిగితే అది మరింత కదులుతుంది, భాస్వరం వేస్తే మట్టి నుంచి విడిపోయి నీళ్లలోకి వస్తుంది.

వరి రైతుకి ఇది అటు నుయ్యి ఇటు గొయ్యి వ్యవహారం. నీళ్లు నిలిపితే ఆర్సెనిక్ కరిగి, సిలికాన్ వెళ్లే దారిలోనే వేరులోకి దూరుతుంది, కాడ్మియం మాత్రం గంధకంతో కలిసి గట్టిపడి మట్టిలోనే ఉండిపోతుంది. నేల ఆరబెడితే సరిగ్గా తలకిందులవుతుంది. కాబట్టి మీ సమస్య ఏదో తెలియకుండా ఆరుతడి పద్ధతికి మారకండి. కాడ్మియం ఒక్కటే ఉంటే, వెన్ను తీయడానికి మూడు వారాల ముందు నుంచి మూడు వారాల తర్వాత దాకా నీళ్లు ఆరనివ్వకుండా ఉంచడం జపాన్‌లో పాటించే పద్ధతి. ఆర్సెనిక్ ఒక్కటే ఉంటే మధ్యమధ్యలో ఆరబెట్టడం, సిలికాన్ వేయడం పనిచేస్తాయి.

ఏ పంట వేయాలి? కాడ్మియం ఉన్న చోట ఆకుకూరలు వేయకండి, పాలకూర, లెట్యూస్ దాన్ని ఆకుల్లోకి బాగా లాగుతాయి. టమాటా, చిక్కుడు లాంటి కాయల్లో చేరేది తక్కువ. సీసం ఎక్కువగా వేరులోనే చిక్కుకుపోతుంది, అక్కడ ప్రమాదం ముఖ్యంగా ఆకుకి, దుంపకి అంటుకున్న మట్టి, చేతులకి అంటే దుమ్ము. అందుకే సీసం ఉన్న పెరట్లో దుంపలు మానేయండి, నేల మీద మల్చింగ్ పరచండి, పిల్లల్ని ఆ మట్టిలో ఆడనివ్వకండి, వీలైతే మడిని ఎత్తుగా కట్టి వేరే మట్టి పోసి పెంచుకోండి. లోహం హద్దు దాటి ఉంటే తిండి పంట మానేసి పత్తి, పూలు, కలప వైపు వెళ్లడమే నేనిచ్చే సలహా.

ఉప్పు, లోహం రెండూ కలిసి ఉన్న నేలలు కూడా ఉన్నాయి, ముఖ్యంగా మురుగునీరు పారే చోట. అక్కడ క్లోరైడ్ కాడ్మియంతో జతకట్టి దాన్ని నీళ్లలో కరిగి ఉండేలా చేస్తుంది, మొక్కలోకి వెళ్లేది పెరుగుతుంది. అలాంటి నేలలో ఉప్పుని తట్టుకునే రకం వేసి పచ్చగా ఉందని సంతోషపడితే లాభం లేదు, గింజని పరీక్ష చేయించాల్సిందే. పాలిష్ చేసిన బియ్యంలో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు కిలోకి కాడ్మియం 0.4, అకర్బన ఆర్సెనిక్ 0.2 మిల్లీగ్రాములు.

మొక్కలతోనే లోహాన్ని లాగేయొచ్చా

కొన్ని మొక్కలు లోహాన్ని కావాలని పోగేసుకుంటాయి. ఇలాంటివి 700 జాతులకి పైగా తెలుసు, ఎక్కువ భాగం నికెల్‌వే. న్యూ కాలెడోనియాలో పిక్నాండ్రా అక్యుమినాటా అనే చెట్టు బెరడుకి గాటు పెడితే నీలం ఆకుపచ్చ కలిసిన పాలు కారతాయి, ఎండబెట్టి తూచితే అందులో నాలుగో వంతు నికెల్. ప్టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ ఆకుల్లో, ఎండు బరువులో 2 శాతం దాకా ఆర్సెనిక్ చేరగలదని 2001లో బయటపడింది. ఆర్సెనిక్‌కి ఈ ఫెర్న్, నికెల్‌కి అలాంటి మొక్కలు నిజంగా పనికొచ్చేవే.

సీసానికి ఆవాలు, పొద్దుతిరుగుడు వేయండని చెప్పేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. లెక్క మీరే వేయండి: హెక్టారులో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 22 లక్షల కిలోలు. కిలోకి 400 మిల్లీగ్రాముల సీసం ఉంటే మొత్తం 880 కిలోలు. పది టన్నుల ఎండు పంట కోసి, అందులో కిలోకి 100 మిల్లీగ్రాములు ఉందనుకున్నా (అదీ ఎక్కువే) ఒక పంటకి పోయేది ఒక్క కిలో. సగం తగ్గించాలంటే 440 పంటలు తీయాలి. లోహాన్ని పట్టి కరిగించే ఈడీటీఏ అనే రసాయనం మట్టిలో కలిపితే మొక్క ఎక్కువ లాగుతుంది నిజమే, కానీ అదే ఈడీటీఏ సీసాన్ని భూగర్భ జలాల్లోకి కూడా దింపుతుంది.

ఇలాంటి మొక్కలు ఏవి వేసినా, కోసింది పశువులకి వేయకూడదు, కంపోస్ట్‌లో కలపకూడదు, పొలంలో తగలబెట్టకూడదు. రాలిన ఆకులు కూడా ఏరాలి, లేకపోతే వేరు కింద నుంచి తెచ్చిన లోహమంతా పై మట్టిలోకి వచ్చి చేరుతుంది. కోసిన మొక్కల్ని విడిగా ఆరబెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించే ఏర్పాటు మొక్క నాటకముందే చూసుకోండి, ఆ ఏర్పాటు కుదరకపోతే నాటకండి.